కరోలైను హెర్షెలు చరిత్రము: సహజశక్తియు సాధనయు

ఎవ్వరైన నొక విద్యయందు నసాధారణమైన నేర్పు గనఁబఱచినచో మనవారు దానికి సాధారణముగా రెండు కారణములు చెప్పుదురు. అది వంశమున వచ్చినదని కొందఱందురు. పూర్వజన్మ సుకృతమని మఱికొందఱందురు. కారణ మేది యైనను ఫల మొక్కటియే. తాము ప్రయత్నింప నక్కఱలేదను నెమ్మది యిరుతెగలవారికిని గలుగును. తమ బిడ్డలలో నెవ్వరి నుదుట విద్య వ్రాయఁబడి యున్నదో, యెవ్వరి నుదుట వ్రాయఁబడి యుండలేదో, అయిదేండ్లు నిండకముందే నిశ్చయించి, యా తీర్పును మరలఁ జూడరు. ఆఁడుపిల్లల విషయమున నీ తీర్పు పుట్టకమునుపే యైపోవుచున్నది. గణితమునకును శాస్త్రమునకును స్త్రీబుద్ధి తగదని చదువుకొన్న పెద్దమనుష్యులు సహితము సభలలోఁ బలుకఁగా మేము వినియున్నాము. వారితో వాదమునకుఁ బూనక, యొక స్త్రీ జీవితమును జెప్పి యూరకుండుట మేలని తోఁచి, కరోలైను హెర్షెలు చరిత్రము నిచ్చట వ్రాయుచున్నారము.

ఈమె 1750వ సంవత్సరము మార్చి నెల 16వ తేదిని జర్మనీ దేశములోని హానోవరు నగరమున జన్మించెను. తండ్రి యైన ఐజాకు హెర్షెలు సైన్యములోని వాద్యబృందమున ఓబో యను నూఁదెడు వాద్యమును వాయించి జీవించువాఁడు. ధనము లేదు గాని విద్యాపేక్ష మిక్కుటము. తన కొడుకులకుఁ బసితనమునందే ఫిడేలు చేతికిచ్చి తానే నేర్పెను. వారిలో జేకబు, విల్లియము, అలెగ్జాండరు, డీట్రిచ్చు నలువురును సంగీతవిద్వాంసులే యైరి. రాత్రిపూఁట తండ్రికొడుకులు సంగీతమును గూర్చియు, తత్త్వశాస్త్రమును గూర్చియు, నక్షత్రములను గూర్చియు గొంతు లెత్తి వాదించుచుండఁగా నీ చిన్నది మూలఁ గూర్చుండి మేలుకొని వినుచుండెడిది. ఒక చలికాలపు రాత్రి యాకాశము నిర్మలముగా నుండఁగా, అప్పుడు గనఁబడుచున్న తోఁకచుక్కను జూచిన పిమ్మట, తండ్రి యీమెను వీథిలోనికిఁ గొనిపోయి కొన్ని నక్షత్రమండలములను జూపెనఁట. ఆ రాత్రి నామె ముసలితనమునను మఱవలేదు.

తల్లి యైన ఆన్నా యక్షరము వ్రాయ నెఱుఁగనిది. కూఁతుఁ రింటిపనియు, కుట్టుపనియు, మేజోళ్లల్లుటయుఁ దప్ప మఱేమియు నేర్వరాదని యామె పట్టు. ఈమెను గేవలము క్రూరురాలని నిందించుట మాకు సమ్మతముగాదు. ఆమె మనస్సులో నొక దుఃఖముండెను. విల్లియము 1757వ సంవత్సరమున నింగ్లండు దేశమునకు వెడలిపోయెను. కుమారులు చదువుకొన్నందుననే తనకు దూరమైరని యామె నమ్మెను. చదువు బిడ్డలను దల్లి చేతులలోనుండి తీసికొనిపోవు ననెడి యీ భయము హానోవరు నగరమున మాత్రమే పుట్టినది గాదు; మన యిండ్లలోను వంటయింటి గడప దాఁటని తల్లు లనేకులు లోలోపల నిట్లే తలంచుచున్నారు. కాని భయము న్యాయమైనంతమాత్రమున దాని ఫలము న్యాయము గానేరదు. తల్లి యింట లేనప్పుడో, సంతోషముగా నున్నప్పుడో తండ్రి యీమెకుఁ గొంచెము ఫిడేలు నేర్పెడివాఁడు. అంతకంటె నాతనికి సాధ్యము కాలేదు.

శైశవముననే మశూచికము వచ్చి ముఖమును జెఱిచెను. పదేండ్ల ప్రాయమున విషజ్వరము తగిలి ఎదుగుదల నిలిచిపోయెను. పెద్దదైన పిమ్మటను ఆమె పొడవు నాలుగడుగుల మూఁడంగుళములకు మించలేదు. రూపమును ధనమును లేనందున నీకు వివాహమగుట కష్టమని తండ్రియే యామెతోఁ జెప్పెను. 1767వ సంవత్సరమున నాతఁడు మృతినొందెను. ఇరువదిరెండేండ్లు వచ్చువఱకును గరోలైను తల్లియింట జీతములేని దాసిగా నుండెను.

ఇప్పుడు పాఠకు లొక క్షణము నిలిచి యాలోచింపవలెను. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే రక్తము, ఒకే యిల్లు. నలువురు కొడుకులు విద్వాంసులైరి. ఇరువదిరెండేండ్ల కూఁతురు పాత్రలు తోముచుండెను. ఇంగ్లండు దేశపు గాల్టను పండితుఁడు 1869వ సంవత్సరమున నొక గ్రంథమును బ్రకటించి, ప్రతిభ కుటుంబములలోఁ బారంపర్యముగా వచ్చునని స్థాపింపఁ జూచెను. వంశమున నేదియు రాదని మేమనము. ఈశ్వరుఁడు మనుష్యుల నందఱ నొక్క యచ్చున బోసినట్లు కనఁబడదు. అయినను హెర్షెలు కుటుంబమున 1772వ సంవత్సరమునాఁటికిఁ గొడుకులకును గూఁతునకును నడుమఁ గానవచ్చిన యంతరము రక్తమువలనఁ గలిగినదని యెవ్వరు చెప్పఁగలరు?

ఆ కాలమున విల్లియము ఇంగ్లండులోని బాతు నగరమున నొక దేవాలయమునందు ఆర్గను వాద్యమును వాయించుచు, పాఠములు చెప్పుచు, కచ్చేరీలు నడపుచు బాగుగా సంపాదించుచుండెను. చెల్లెలికి గానము నేర్పి తన కచ్చేరీలలోఁ బాడింపవలెనని తలఁచి యామెను రమ్మని వ్రాసెను. పెద్దయన్న జేకబు పరిహసించెను. తల్లి యెటూ తేల్పకుండెను. వెళ్లుట నిశ్చయమో కాదో తెలియని యా నెలలలోఁ గరోలైను చేసిన పని మిక్కిలి గమనింపఁదగినది. ఇంట నెవ్వరును లేనప్పుడు పండ్లనడుమ నొక గుడ్డను గఱచిపట్టి, తాను విన్న ఫిడేలు గతులను స్వరము తప్పక గొంతుతోఁ బలుకుట యభ్యసించెను. మాటలు లేకయే స్వరముల పరుగు నామె కలవడెను. అదే సమయమునఁ దాను వెళ్లిపోయినచోఁ దల్లికిఁ గొఱఁత కలుగకుండ రెండేండ్లకుఁ జాలునన్ని మేజోళ్ల నల్లి పెట్టెను. గురువు లేఁడు, వాద్యము లేదు, ఆశ కూడ నిశ్చయముగా లేదు, సాధనమాత్ర ముండెను. తుదకు విల్లియము స్వయముగా వచ్చి, యింట దాసీని బెట్టుకొనుటకై తల్లికి సాలుకు నింత సొమ్ము పంపెదనని యొడంబడి, 1772వ సంవత్సరము ఆగస్టు నెలలోఁ జెల్లెలిని గొనిపోయెను. ఒక కూఁతుఁ రింటనుండి కదలుటకు నిట్లు బదులు వెల చెల్లింపవలసి వచ్చెను.

బాతు నగరమున నామెకు నిత్యము రెండు మూఁడు మాఱులు గానపాఠము. ఉదయమున ఫలాహారము చేయునప్పుడే యింగ్లీషు భాషయు, లెక్కలును, జమాఖర్చులు వ్రాయు విధమును అన్న చెప్పెడివాఁడు. తక్కిన వేళ బజారు, వంట, కచ్చేరీ చీట్లు, స్వరముల నకళ్లు. అయిదాఱేండ్ల యభ్యాసముతో నామె హాండెలు రచించిన గొప్ప గీతకావ్యములందుఁ బ్రధానగాయని యయ్యెను. 1778వ సంవత్సరమున బర్మింగుహాము నగరపు సంగీతోత్సవమునఁ బాడుమని యామెకుఁ బిలుపు వచ్చెను. అన్న నడపని సభలోఁ బాడనని యామె నిరాకరించెను. ఇది భ్రాతృభక్తి యని మెచ్చుకొనువారు మెచ్చుకొనవచ్చును. తన కాళ్లమీఁదఁ దాను నిలువఁదగిన మొదటి యవకాశమును గరోలైను చేతులార జాఱవిడిచెనని మాత్రము మేము విచారించుచున్నాము. ఇరువదిరెండేండ్లు పరతంత్రమున మెలఁగిన మనస్సునకు స్వాతంత్ర్య మొక్కనాఁటిలో నలవడదు. దానికిని సాధన కావలయును గాఁబోలు.

ఇంతలో విల్లియమునకు నక్షత్రములపిచ్చి పట్టెను. మంచి దుర్భిణులు కొనుటకు సొమ్ము చాలనందున, రాగియుఁ దగరమును గలిపి కరఁగి పోసి తానే యద్దములఁ జేసి మెఱుఁగు పెట్ట నారంభించెను. ఇల్లంతయుఁ గార్ఖానా యయ్యెను. పోఁతకుఁ గావలసిన మూస గుఱ్ఱపులద్దెతోఁ జేయవలసి యుండెను. దాని నుగ్గు చేసి జల్లించుటలోఁ గరోలైను పాలు గొనెను. ఒకప్పు డద్దము చెడకుండుటకై యాతఁడు పదునాఱు గంటలు చేయి తీయక మెఱుఁగు పెట్టుచుండఁగా, చెల్లెలు ప్రక్కను గూర్చుండి కథలు చదివి వినిపించుచు ముద్దలు నోటికందించుచుండెను. 1781వ సంవత్సరము మార్చి 13వ తేదిని విల్లియము యురేనసు గ్రహమును గనుఁగొనెను. మఱుసటి యేఁడు రాజగు మూఁడవ జార్జి యాతనికి సాలుకు 200 పౌనుల జీతమేర్పఱచి జ్యోతిష్కునిగా నియమించెను. అన్న సంగీతము విడిచెను. చెల్లెలు గూడ విడువవలసి వచ్చెను. పదేండ్లు శ్రమించి నేర్చిన విద్య నామె తన యిష్టముచే విడువలేదు. ఎవ్వరును నీ కోరిక యేమని యడుగలేదు.

ముప్పదిరెండేండ్ల ప్రాయమునఁ గరోలైను మరల మొదటి పాఠముకడఁ గూర్చుండెను. డాచెట్టు గ్రామములో నన్న యొక చిన్న దుర్భిణిని జేతికిచ్చి, యాకాశమును వరుసగాఁ దుడిచినట్లు చూచుచుఁ దోఁకచుక్కలను వెదకుమని చెప్పెను. 1782వ సంవత్సరము ఆగస్టు 22వ తేదిని ఆమె తన పరిశీలన పుస్తకమును బ్రారంభించెను. మంచు గురిసిన గడ్డిమీఁద, పిలిచినఁ బలుకువారు లేని చోట, నొంటిగా నిలుచుట మొదట నామెకు బొత్తిగా రుచింపలేదు. 1783వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదిని అంతకుముందెవ్వరును వ్రాసియుంచని నక్షత్రగుచ్ఛము నొకదానిని గనుఁగొనెను. ఆ యేఁటి సెప్టెంబరులో మఱియొక గొప్ప నీహారిక యామె కంటఁ బడెను.

అభ్యాసము మనుష్యునిలో నేమి చేయునో యిచ్చటఁ గొంత విశదముగాఁ జూడవచ్చును. తోఁకచుక్క మొదటఁ గనఁబడునప్పుడు దానికిఁ దోఁక యుండదు. మసకమసకగా నొక మఱకవలె నుండును. ఆకాశమున నట్టి మఱకలు వందలకొలఁది కలవు. వానిలోఁ బెక్కులు స్థిరములగు నీహారికలు. ఏది పాతదో యేది క్రొత్తదో చూచినంతనే తెలియవలెనన్న ఆకాశమంతయుఁ దన యింటి పెరడువలెఁ గంఠస్థమై యుండవలెను. ఈ యెఱుక యెవ్వరికిని గర్భముననుండి రాదు. ఎంత సూక్ష్మమైన కన్ను గలవానికైనను బదేపదే చూచిన రాత్రులే దీనిని బోధించును. కరోలైను కంటిచూపు సహజముగా మంచిదని యొప్పుకొందము. ఓపిక కూడ సహజమే కావచ్చును. కాని పటమును గంటిలోపల వ్రాసినది రాత్రుల లెక్క.

గణితమునకు సహజప్రజ్ఞ లేనిదే శాస్త్రజ్ఞులు గాఁజాల రనువారు మఱియొక సంగతి వినవలెను. కరోలైనునకు ఎక్కములు జీవితాంతమువఱకును నోటికి రాలేదు. చిన్ననాఁడు నేర్పినవారు లేరు. పెద్దనాఁడు నేర్చినది నిలువలేదు. ఎక్కములు వ్రాసిన కాగితమును దగ్గఱనుంచుకొనియే పని చేసెడిది. అట్టి యామెయే యన్న కనుఁగొనిన వేలకొలఁది జ్యోతిస్సుల స్థానములను లెక్కించి, సవరించి, పట్టికలుగా వ్రాసెను. ఎక్కములు చెప్పలేని పిల్లను మన పంతుళ్లు గోడకుఁ జేర్చి నిలువఁబెట్టుదురు. కాగితము చేతికిచ్చి చూచినవారు మాకింతవఱకుఁ గనఁబడలేదు.

ఇరువదడుగుల దుర్భిణితో విల్లియ మాకాశమును బరిశీలించిన రాత్రులలో నాతఁడు నిచ్చెనమీఁదనుండి చెప్పుచుండఁగా, నామె గడియారము నెదుట నుంచుకొని దీపమువద్ద వ్రాసికొనెడిది; పగలు దానిని శుద్ధప్రతిగా వ్రాసి లెక్క కట్టెడిది. ఇరువది యేండ్ల యీ పనివలన దాదాపు 2500 నీహారికలును గుచ్ఛములును మూఁడు పట్టికలలోఁ బ్రకటింపఁబడెను. 1783వ సంవత్సరము డిసెంబరు 31వ తేది రాత్రి మంచులో యంత్రముచుట్టు పరుగెత్తునప్పు డామె జాఱిపడఁగా, యంత్రమునకున్న యినుపకొక్కెము కుడిమోఁకాలిపైని దొడలో దిగఁబడెను. వారు పైకెత్తునప్పటికి మాంసఖండము కొక్కెమునకే చిక్కుకొని యుండెను. మేఘములు క్రమ్మినందున నా రాత్రి యన్న పని చెడలేదు గదా యని యామె సమాధానపడెనఁట.

1786వ సంవత్సరమున విల్లియము రాజాజ్ఞచే జర్మనీలోని గటింగెనునకు దుర్భిణి నొకదానిని గొనిపోయి యుండెను. ఆగస్టు 1వ తేది రాత్రిఁ గరోలైను క్రొత్త మఱక నొకదానిని జూచెను. మఱునాఁటి రాత్రి యది స్థలము మాఱెనని నిశ్చయించుకొని, వెంటనే లండను పండితులకు లేఖలు వ్రాసెను. అది తోఁకచుక్క. 1797వ సంవత్సరమువఱకును మొత్త మెనిమిది తోఁకచుక్కల నామె చూచెను. వానిలోఁ గొన్నిటిని ఇతరులు ముందుగాఁ జూచియుండిరి. తుదిదానిని జూచిన పిమ్మట, టపాను నమ్మక, గుఱ్ఱమెక్కి గ్రీనిచ్చిలోని రాజజ్యోతిష్కుని యింటికిఁ బోయి తానే తెలియఁజేసెను. 1787వ సంవత్సరమున రాజు ఆమెకు సాలుకు 50 పౌనులు జీతమేర్పఱచెను. శాస్త్రకార్యమునకై యింగ్లండు దేశమున జీతముపొందిన మొదటి స్త్రీ యీమెయే. తనయిష్టము చొప్పున వ్యయపఱచుకొనఁదగిన సొమ్ము ముప్పదియేడవ యేఁటఁ గాని యామె చేతఁ బడలేదు.

1788వ సంవత్సరమున విల్లియము వివాహమాడఁగాఁ గరోలై నింటి యజమానురాలి స్థానము విడిచి వేఱు బసకుఁ బోయెను. ఆ పదేండ్ల దినచర్యను దరువాత నామె తన చేతితోనే నాశము చేసెను. ఏమి వ్రాసెనో మన మూహింపఁ బనిలేదు. మరఁదలియందును మేనల్లుఁడైన జానునందును దరువాతఁ బ్రేమతోనే మెలఁగెను. ఆమె పనిమాత్రము నిలువలేదు. ఫ్లామ్‌స్టీడు రచించిన నక్షత్రపట్టికను మూలపరిశీలనలతోఁ బోల్చి, తప్పులు దిద్ది, విడువఁబడిన 560 నక్షత్రములను జేర్చెను. రాయలు సొసైటీవారు 1798వ సంవత్సరమున దీనిని అచ్చు వేయించిరి.

సాధనను గూర్చి యీ కాలపు పండితులు లెక్కలు కట్టిరి. బెర్లిను నగరమున ఫిడేలు నేర్చువారిని బరీక్షించి 1993వ సంవత్సరమున ఎరిక్సను మొదలగువారు ప్రకటించినదేమనఁగా, అందఱిలో నుత్తములు ఇరువదవ యేఁటికి సగటున 10,000 గంటలకు మించి సాధన చేసియుండిరని. పిమ్మట 2014వ సంవత్సరమున నట్టి పరిశోధనల నెన్నిటినో చేర్చి చూచినవారు, సంగీతమున నొకరికిని నొకరికిని గల యంతరములో సాధనవలనఁ దేలునది నూటికి 21 పాళ్లు మాత్రమే యనిరి. కాఁబట్టి సాధన యొక్కటియే చాలునని మేమును వాదింపము. అయినను నీ లెక్కలన్నియు ఫిడేలు చేతికందినవారిని గూర్చినవని మఱవరాదు. అందనివారి ప్రతిభ యే పట్టికలోఁ జేరును? కరోలైను అక్క సోఫియా కూడ నాయింటనే పుట్టినది. ఆమె కుమారులు సంగీతవిద్వాంసులైరి. సోఫియా మాత్రము గృహిణిగానే యెఱుఁగఁబడినది.

1822వ సంవత్సరమున విల్లియము మృతినొందఁగా, డెబ్బదిరెండేండ్ల కరోలైను దుఃఖమున హానోవరునకు మరలిపోయెను. అక్కడి యెత్తయిన యిండ్లకప్పు లాకాశమును గప్పివేయుచున్నవని విచారించుచు, మేనల్లుని యుపయోగమునకై యా 2500 నీహారికలను మండలక్రమమునఁ దిరిగి కూర్చెను. దీనికై 1828వ సంవత్సరమున లండనులోని జ్యోతిశ్శాస్త్రసభవా రామెకు బంగారు పతకము నిచ్చిరి. ఆ పతకము మఱియొక స్త్రీకి, అనఁగా అమెరికా దేశపు వీరా రూబినునకు, వచ్చుటకు 1996వ సంవత్సరము రావలసి యుండెను. నడుమనున్న 168 సంవత్సరములలో నాకాశమును జూడఁదగిన కన్నులు గల స్త్రీ యొక్కతెయైనఁ బుట్టలేదని చెప్పుటకు మాకు నోరాడదు. ఆ సభవారు 1835వ సంవత్సరమున నీమెను గౌరవసభ్యురాలిగాఁ జేసికొనిరి. సాధారణసభ్యత్వము స్త్రీలకు 1916వ సంవత్సరమువఱకును దొరకలేదు. కరోలైను వృద్ధురాలై బ్రదికియుండఁగనే, 1840వ సంవత్సర ప్రాంతమున మన విశాఖపట్టణమున గోడె వెంకట జగ్గారావుగారు స్వంత ద్రవ్యముతో వేధశాలను నెలకొల్పి దుర్భిణుల నుంచిరి. దుర్భిణి మన జమీందారీ భవనములకు నా దినములలోనే వచ్చినది. దానిచెంతకు మన యాఁడుపిల్లలను దీసికొనిపోవుట మాత్ర మాలస్యమైనది.

గౌరవములు వచ్చినకొలఁదిని ఆమె తన్నుఁ దాను తగ్గించుకొనెడిది. తాను అన్న చేతిలోని పనిముట్టు మాత్రమే యనియు, చెప్పినట్లు చేయుటకంటె వేఱు శక్తి తనకు లేదనియుఁ జెప్పుచుండెను. ఈ విషయమున మే మామెను నమ్మఁజాలము. అన్న దేశాంతరమున నుండఁగాఁ దోఁకచుక్కను గనిపెట్టినది యెవ్వరి చేతిలోని పనిముట్టు? అయినను బాల్యమున నీకేమియు రాదని నూఱుమాఱులు విన్నవారు తొంబదవ యేఁటను దానినే వల్లించుట వింత గాదు. అదియు నొక యభ్యాసమే.

1846వ సంవత్సరమున ప్రష్యా రాజు ఆమె తొంబదియాఱవ యేఁట బంగారు పతకమును బంపెను. 1848వ సంవత్సరము జనవరి 9వ తేదిని కరోలైను హెర్షెలు దేహము చాలించెను. ఆమె కోరిక చొప్పున శవపేటికలో రెండు వస్తువుల నుంచిరి. ఒకటి విల్లియము తలవెండ్రుకల పాయ. రెండవది అక్షరములు దాదాపుగాఁ జెరిగిపోయిన పాత పంచాంగము. అది చిన్ననాఁ డామెను వీథిలోనికిఁ గొనిపోయి నక్షత్రములఁ జూపిన తండ్రిది.